పరిగెత్తుకొచ్చినవాళ్ల గది

లా కాలేజీ కొత్త భవనానికి ప్రహరీ గోడ వద్దని స్పందన చెప్పినప్పుడు సమావేశంలో ఉన్న ఏడుగురూ నవ్వారు. వెక్కిరింపుగా కాదు, చిన్నపిల్ల ముద్దుమాట ఏదో అన్నప్పుడు నవ్వినట్టు. ప్రిన్సిపాల్ విశ్వేశ్వరరావు ముందుగా నవ్వు ఆపి, కళ్లజోడు సవరించుకుని, "గోడ లేకపోతే ఆ స్థలం మీర్‌పేట్ ఆవులన్నిటికీ హాస్టల్ అయిపోతుందండీ స్పందన గారూ," అన్నాడు. ఆయనది తెనాలి. ముప్ఫై ఏళ్లుగా హైదరాబాదులో ఉంటున్నా మాట మారలేదు.

స్పందనకు అప్పుడు ముప్ఫై నాలుగేళ్లు. తండ్రి మార్కండేయులు పోచంపల్లి పక్క పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో చేనేత చీరల దుకాణం పెట్టుకున్నాడు. ఇల్లు చంపాపేట్‌లో. పదేళ్లుగా ఆర్కిటెక్టుగా ఆమె గీసినవన్నీ అపార్ట్‌మెంట్లు, రెండు ఫంక్షన్ హాళ్లు, ఒక నర్సింగ్ హోం. పోటీ పెట్టి విశ్వవిద్యాలయం అప్పగించిన ఈ లా కాలేజీయే ఆమె చేతికొచ్చిన మొదటి పెద్ద పని.

ఎల్‌బీ నగర్ నుంచి మీర్‌పేట్ పోయే దారిలో మూడెకరాల స్థలం అది. దాని నడుమ నుంచి ఒక కాలిబాట ఉంది. వెనక కాలనీల వాళ్లు బస్సు ఎక్కడానికి ఆ బాటనే మెయిన్ రోడ్డు మీదికి వస్తారు. స్పందన మూడు వారాలు ఎండలో అక్కడే నిలబడి ఎవరు ఎటు నడుస్తున్నారో చూసింది. చివరికి ఆ బాటను చెరపకుండా దాని చుట్టూ భవనం గీసింది. రోడ్డు వైపు పొడవాటి వసారా, వసారాలోకే తెరుచుకునే ఉచిత న్యాయసహాయ కేంద్రం, పైన క్లాసు గదులు, లైబ్రరీ. చట్టంతో పని పడ్డవాళ్లు ఎవరినీ అడగకుండా చట్టం చదువుకునే చోటికి నడిచి రావాలన్నది ఆమె ఆలోచన.

ఆ మూడు వారాల్లోనే సుమిత్రమ్మ పరిచయమైంది. స్థలం అంచున ఆమె జొన్నరొట్టెల బండి. వాళ్లది నల్లగొండ వైపు పల్లె. భర్త దశరథ లారీ నడిపి నడిపి గుండె ఆగి పోయాడు. కొడుకు మహిపాల్ హయత్‌నగర్‌లో ఉంటూ ప్లాట్ల బేరగాళ్ల వెంట తిరుగుతాడు. కూతురు సంతోషి భర్త కరోనాలో పోతే, ఆరేళ్ల పాపతో తల్లి దగ్గరికే వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షాపులో పనిచేస్తోంది. ఊళ్లో దశరథ కొన్న రెండెకరాల పక్క నుంచి హైవే పోయింది. మహిపాల్ దాన్ని అమ్మాలంటాడు. తన హక్కు వదులుకున్నానని చెల్లెలు సంతకం పెట్టాలంటాడు.

"వాడు పెట్టుమంటడు, ఇది పెట్టనంటది. నడుమ నేను పరేషాన్ అయితున్న బిడ్డా," అంది సుమిత్రమ్మ రొట్టె తడుతూ.

"సంతోషికి గూడ సమానంగ వాటా ఉంటదమ్మా. నీకు గూడ ఉంటది," అంది స్పందన. "లా కాలేజీల పైసా తీసుకోకుండ చెప్తరు. రేపే తోలియ్యి."

అలా సంతోషిని అక్కడికి పంపింది స్పందనే. తర్వాత ఎన్నిసార్లు తల్చుకున్నా ఆ మాట వెనక్కి తీసుకోవాలో వద్దో ఆమెకు తేలలేదు.

*

లా కాలేజీ అప్పటికింకా ఎల్‌బీ నగర్ సందులో ఒక పాత ఫంక్షన్ హాల్లో నడిచేది. ఎనిమిదడుగుల గోడ, గోడ మీద సీసా పెంకులు, ఒకే ఒక్క ఇనుప చువ్వల గేటు. ఏప్రిల్ ఆఖరు వారం. పరీక్షల రోజులని బయటివాళ్లను రానివ్వొద్దనీ, తొమ్మిదిన్నర దాటితే గేటుకు తాళం వెయ్యాలనీ నోటీసు అంటించి ఉంది. వాచ్‌మన్ సీతారాములు నోటీసును అక్షరం పొల్లుపోకుండా పాటించే మనిషి.

ప్రిన్సిపాల్‌కు కొత్త భవనం నక్షలు చూపించి, చుట్టిన కాగితాలు చంకలో పెట్టుకుని స్పందన గేటు దగ్గరికి వచ్చేసరికి పదకొండున్నర. చెట్టు కింద ముప్ఫై మంది విద్యార్థులు పుస్తకాలు తిరగేస్తున్నారు. మధ్యాహ్నం వాళ్లకు పరీక్ష. గేటు బయట సంతోషి నిలబడి ఉంది. వాటా కోసం కోర్టులో వేసే కాగితాల మీద సంతకం చేయడానికి కాలేజీ న్యాయసహాయ కేంద్రం వాళ్లు ఆ రోజు రమ్మన్నారట.

"అన్నా, లోపటికి తోలియ్యి. సార్లే రమ్మన్నరు," అంటోంది.

"కార్డుండాలె బిడ్డా. పరీక్షలున్నయి. పొద్దటి పరీక్ష ఒంటిగంటకైతది, గప్పుడు రా," అంటున్నాడు సీతారాములు.

"సీతారాములన్నా, నేను చెప్తున్న గద, తాళం తియ్యి," అంది స్పందన.

"సార్‌ను అడగాలె మేడం. నా నౌకరి పోతది."

ఈ మాటలు నడుస్తుండగానే బైకు వచ్చి ఆగింది. మహిపాల్ చేతిలో కత్తీ లేదు, కర్రా లేదు. ప్లాస్టిక్ కవర్లో స్టాంపు కాగితాలు, వేలిముద్రల ఇంకు డబ్బా ఉన్నాయి. తల్లి ద్వారా విషయం తెలిసి వచ్చాడు.

"కోర్టుకు పోతవా? ఇంటి గుట్టు లాయర్ల ముంగట పెడ్తవా? గీడ సంతకం పెట్టు, ఎల్లిపోత," అన్నాడు.

"పెట్టనన్న గదన్నా."

"గది నాయిన సంపాదించిన భూమి. నీకెట్ల వస్తది?"

"నాయిన నీ ఒక్కనికే నాయినా?"

ఆ ఒక్క మాటకు మహిపాల్ ముఖం మారిపోయింది. చెంప మీద కొట్టాడు. జుట్టు పట్టుకుని తలను గేటుకేసి బాదాడు. గేటు మొత్తం గంటలా మోగింది. పక్కనే లింగస్వామి కొబ్బరిబోండాల బండి. బండి మీద కత్తి. లింగస్వామి "ఏయ్, ఏయ్" అంటూ లేచేలోపు కత్తి మహిపాల్ చేతిలో ఉంది.

మొదటి వేటు భుజం మీద పడింది. చెక్క పగిలినట్టు చప్పుడైంది. సంతోషి గేటు చువ్వలు రెండు చేతులా పట్టుకుని, స్పందన కళ్లలోకి చూస్తూ, "అక్కా, తియ్యమను," అంది చాలా మెల్లగా.

సీతారాములు తాళంచెవుల గుత్తి తీశాడు. అందులో ఫంక్షన్ హాలు నాటి చెవులు కూడా కలిసి పదకొండు ఉన్నాయి. చేతులు వణికి గుత్తి కింద పడింది. రెండో వేటుకు సంతోషి చెవి సగం తెగి వేలాడింది. రోడ్డు మీద జనం ఆగారు. కొందరు ఫోన్లు తీశారు. లోపల ముప్ఫై మంది పుస్తకాలు గుండెలకు హత్తుకుని వెనక్కి జరిగారు. స్పందన నక్షలు కింద పడేసి చువ్వల సందుల్లోంచి రెండు చేతులూ బయటికి చాపి సంతోషి తలను గుండెకు లాక్కుంది. మధ్యలో ఇనుము. మూడో వేటు స్పందన కుడిచేతి మీద పడింది.

ఆ క్షణాన నొప్పి తెలియలేదు. చువ్వకు కత్తి తగిలిన చప్పుడు మాత్రం పళ్లలో జివ్వుమంది. కిందికి చూస్తే దుమ్ములో ఒక చిటికెన వేలు పడి ఉంది. అది తనదేనని తెలియడానికి గోరుకున్న గోరింటాకు రంగు చూడాల్సి వచ్చింది.

మహిపాల్ కూడా ఆ వేలును చూశాడు. సంబంధం లేని మనిషి చెయ్యి నరికానన్న స్పృహ ఏదో కలిగినట్టుంది, కత్తి వదిలేశాడు. పారిపోయే ముందు కూడా స్టాంపు కాగితాల కవరు తీసుకోవడం మరిచిపోలేదు. సాయంత్రం హయత్‌నగర్ బస్ డిపో దగ్గర పోలీసులకు దొరికాడు.

ఏడో తాళంచెవి పట్టింది. గేటు లోపలికి తెరుచుకుంది. దానికి ఆనుకుని ఉన్న సంతోషి, పరిచినట్టు పడి ఉన్న నక్షల మీద బోర్లా పడింది.

*

సంతోషి బతికింది. భుజం ఎముకకు స్టీలు పలక వేశారు. నలభై రెండు కుట్లు పడ్డాయి. స్పందన చిటికెన వేలు అతకలేదు. ఉంగరపు వేలు నిలిచింది గానీ వంగదు. దవాఖానలో కట్టు మార్చేటప్పుడు మార్కండేయులు కూతురి చేతిని చూసి బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. చాలాసేపటికి లోపలికి వచ్చి, "ఇగ గీ పని వద్దు బిడ్డా. దుకాణంల కూసో," అన్నాడు.

"ఎడమ చెయ్యున్నది గద నాయినా," అంది స్పందన. తండ్రి ధైర్యం కోసమే ఆ మాట అంది. ఆ రాత్రి తల్లి రాధమ్మ అన్నం కలిపి నోట్లో పెడుతుంటే మాత్రం వెక్కి వెక్కి ఏడ్చింది.

జూన్‌లో మళ్లీ సమావేశం. ఈసారి ఎవరూ నవ్వలేదు. పదడుగుల గోడ, కార్డు పెడితేనే తిరిగే ఇనుప గేట్లు, వచ్చినవాళ్ల సంచులు తడిమే యంత్రం కావాలని రిజిస్ట్రార్ జాబితా చదివాడు. సీతారాములును తీసేయాలన్నది కూడా అందులో ఉంది.

"ఆయన్ని ఎందుకు తీసేస్తారు?" అంది స్పందన. "మీరు రాసిన నోటీసునే ఆయన పాటించాడు. ఆ రోజు గోడ ఉంది, గేటు ఉంది, తాళం ఉంది. అన్నీ బాగానే పనిచేశాయి. లోపల ముప్ఫై మంది, బయట యాభై మంది, మధ్యలో ఒక్క మనిషి. ఆ పిల్లను నరకడానికి మనం వాడికి ఇనుప గోడ కట్టించి ఇచ్చాం."

విశ్వేశ్వరరావు మెల్లగా అడిగాడు. "ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. గేటు తీసే ఉంటే ఆ అమ్మాయి వెనకాలే వాడూ లోపలికొచ్చేవాడు కదండీ. అప్పుడెంతమందికి తగిలేదో?"

స్పందన ఆ ప్రశ్నను వెంట తీసుకుపోయింది. అది కోపం తెప్పించే ప్రశ్న కాదు, నిజమైన ప్రశ్న. ఇంటికి వచ్చి నెల రోజులు ఎడమచేత్తో గీసింది. పెన్సిలు జారేది. గీతలు ఒకటో తరగతి పిల్లల గీతల్లా వంకరపోయేవి. కళ్లు మూస్తే ఆ గేటు మోగిన చప్పుడు వినిపించేది. చివరికి వసారాకు రెండు చివర్లా రెండు గదులు గీసింది. తలుపు బయటి నుంచి తోస్తే చాలు తెరుచుకుంటుంది. లోపల గడియ పడిందంటే ఇక బయటివాడు తియ్యలేడు. దళసరి టేకు, నడుమ ఇనుప రేకు. వెనక కాలేజీలోకి ఇంకో తలుపు. లోపల ఒక ఫోను, మంచినీళ్లు, పడుకోవడానికి బల్ల. పరిగెత్తుకొచ్చిన మనిషిని నువ్వెవరని ఎవరూ ముందు అడగకూడదు. దానికి ఏం పేరు పెట్టాలో తోచక నక్ష మీద 'పరిగెత్తుకొచ్చినవాళ్ల గది' అని తెలుగులోనే రాసింది.

విశ్వేశ్వరరావు చాలాసేపు ఆ వంకర గీతలను చూశాడు. "తరుముకొచ్చినవాడే ముందు దూరాడనుకోండి?"

"అప్పుడు వాడు లోపలుంటాడు, మనం బయటుంటాం సార్."

ఆయన సంతకం పెట్టాడు. గోడ లేదు. సీతారాములు ఉద్యోగం కూడా పోలేదు.

*

అరెస్టయిన నాలుగు నెలలకు మహిపాల్‌కు బెయిలు వచ్చింది. చెల్లెలుండే చోటికి, పనిచేసే చోటికి, కాలేజీ స్థలానికి కిలోమీటరు దూరంలోకి రాకూడదన్నది షరతు. అతను రాలేదు. ముఖానికి దస్తీలు కట్టుకున్న ఇద్దరు మాత్రం ఒక పొద్దున సుమిత్రమ్మ బండిని తన్ని పడేసి, కాలుతున్న పెనం ఆమె కాళ్ల మీదికి తోసి పోయారు. సంతోషి ఉండే కిరాయి గది తలుపు గొడ్డలితో చీల్చారు. పాప వారం రోజులు మాట్లాడలేదు. పోలీసులు కేసు రాసుకున్నారు. ఎవరు పంపారో అందరికీ తెలుసు గానీ చూసినవాళ్లు లేరు. వెనక కాలనీల్లో మహిపాల్ పేరెత్తితే పళ్లు కొరికే మనుషులు పెరిగారు.

మరుసటి ఆగస్టుకు వసారా పూర్తయింది. పైన రెండో అంతస్తు స్లాబుకు సెంట్రింగ్ నడుస్తుండగానే న్యాయసహాయ కేంద్రం కింద గదుల్లోకి మారిపోయింది. ఎవరినీ పిలవకుండానే జనం వచ్చి కూర్చున్నారు. సుమిత్రమ్మ బండి వసారా మెట్ల దగ్గరికి, దాని పక్కకే లింగస్వామి కొబ్బరిబోండాల బండి వచ్చాయి. ఆ రోజు వాడిన కత్తి తనదన్న బాధ లింగస్వామిని వదల్లేదు. కొత్త కత్తిని గొలుసుతో బండికి కట్టేసుకున్నాడు. భుజం తగ్గాక సంతోషి షాపు పని మానేసి కేంద్రంలోనే అర్జీలు టైపు చేస్తోంది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి స్పందన వసారా స్తంభం దగ్గర మేస్త్రీతో మాట్లాడుతుంటే, కాలిబాట మీది నుంచి ఒక మనిషి తల వంచుకుని రావడం కనిపించింది. గడ్డం పెరిగింది. చంకలో సంచి. ఆమె గుర్తుపట్టేలోపే లింగస్వామి గుర్తుపట్టాడు.

"గాడే! చెల్లెను నరికినోడు! మల్ల వచ్చిండు!"

మహిపాల్ ఆగి, రెండు చేతులూ పైకెత్తి ఏదో చెప్పబోయాడు. లింగస్వామి విసిరిన బోండాం అతని నోటి మీద పగిలింది. అంతే. సెంట్రింగ్ కూలీలు నిచ్చెనలు దిగి వచ్చారు. కూరగాయలు కొంటున్నవాళ్లు, బస్సు దిగి వస్తున్నవాళ్లు, వసారాలో కూర్చున్న రిటైరైన గుమాస్తా ఒకాయన, ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. ఇనుప కడ్డీలు లేచాయి. మొదటి కడ్డీ మోకాలి మీద పడితే అతను కూలబడ్డాడు. తర్వాత ఇటుకలు, చెక్కలు, చెప్పుకాళ్లు. నెత్తురు కొత్త గచ్చు మీద చిమ్మింది. ఒకతను జుట్టు పట్టుకుని ముఖాన్ని మెట్టు అంచుకేసి కొడుతున్నాడు. రోజూ సుమిత్రమ్మ దగ్గర రొట్టె తిని, స్పందనను 'మంచిగున్నవా మేడం' అని పలకరించే మనిషే అతను.

స్పందన నిలబడి చూసింది. ఈ సంగతి తర్వాత పోలీసులకు చెప్పలేదు గానీ, తనకు తాను దాచుకోలేదు. ఆమెకు బాగుంది. లేని వేలు చోట ఎప్పుడూ సలిపే నొప్పి చల్లగా ఆగిపోయినట్టనిపించింది. ఇంకా కొట్టండి అని నాలుక చివరిదాకా వచ్చింది.

అప్పుడు సుమిత్రమ్మ పరిగెత్తింది. చేతులనిండా జొన్నపిండితో వచ్చి కొడుకు మీద బోర్లా పడింది. దిగుతున్న కడ్డీ ఆగలేదు. ముసలామె వీపు మీద పడింది. ఆమె కొడుకు తలను పొత్తికడుపులోకి ఇంకా లోతుగా పొదువుకుంది. రెండో కడ్డీ లేచింది.

"ఆపండి! అమ్మ! గామె అమ్మరా!" అంటూ స్పందన గుంపులోకి దూకింది. ఎవరి మోచెయ్యో పెదవి చీల్చింది. మహిపాల్ కాలర్ పట్టుకుంటే సగం చెయ్యి పట్టు నిలవలేదు. అప్పుడు ఇంకో జత చేతులు వచ్చాయి. సీతారాములు. "పట్టు మేడం, గదిలకు!" అని అరిచాడు. ఇద్దరూ అతన్ని గచ్చు మీద ఈడ్చుకుపోయారు. తల్లి మోకాళ్ల మీద పాక్కుంటూ వెంట వచ్చింది. సీతారాములు భుజంతో తలుపు తోశాడు. నలుగురూ లోపల పడ్డారు. అతను లేచి గడియ వేశాడు. ఈసారి చేతులు వణకలేదు.

బయట తలుపు దద్దరిల్లింది. రాళ్లు, కడ్డీలు.

"తలుపు తియ్యి మేడం! నీ చెయ్యి నరికినోన్ని దాస్తవా?" అది లింగస్వామి గొంతు. ఏడుస్తున్నాడు. "నా కత్తితోని నరికిండు మేడం, నాకియ్యి వాణ్ణి!"

ఎత్తున ఉన్న కిటికీ అద్దం పగిలి లోపల పడింది. స్పందన ఫోను తీసి పోలీసులకూ అంబులెన్సుకూ చెప్పింది. మహిపాల్ కుడికన్ను ఉండాల్సిన చోట నెత్తుటి ముద్ద ఉంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా గొంతులో బుడగలు చిట్లుతున్నాయి. అతని సంచి చినిగి లోపలున్నవి నేల మీద పడ్డాయి. కత్తి లేదు. ఒక జత బట్టలు, అవే స్టాంపు కాగితాలు, ఇంకు డబ్బా. ఇంత జరిగాక కూడా మళ్లీ సంతకం కోసమే వచ్చాడు.

వెనక తలుపు తెరుచుకుంది. సంతోషి. చేతిలో సగం ఇటుక. ఆమె ముఖం చూసి సీతారాములు గోడకు ఒరిగాడు. స్పందన లేచి మహిపాల్‌కు అడ్డంగా నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆమెకే తెలియదు.

"జరుగు అక్కా."

"సంతోషీ..."

"నిన్నేమనను. జరుగు."

సుమిత్రమ్మ కూతురి వైపు చూసింది. వద్దనలేదు, చెయ్యీ ఎత్తలేదు. కొడుకు తల ఒళ్లో పెట్టుకుని, నడుము పడిపోయి లేవలేక, కూతురి వైపు చూస్తూ ఉండిపోయింది. సంతోషి స్పందనను పక్కకు జరిపి అన్న దగ్గర గొంతుక్కూర్చుంది. మిగిలిన కన్నుతో అతను ఆమెను చూశాడు.

"చెల్లె..." అన్నాడు. పళ్లు రాలిన నోట్లోంచి ఆ మాట నెత్తురుతో పాటు వచ్చింది.

సంతోషి ఇటుక ఎత్తింది. చాలాసేపు అలాగే పట్టుకుంది. బయట తలుపు మీద దెబ్బలు పడుతూనే ఉన్నాయి.

"ఏడాదిన్నర సంది నేను కోర్టుల ఏం చెప్పాల్నో రోజూ పొద్దుగాల అనుకుంటున్న," అంది చివరికి. "మొదాలు ఏం జెప్పాలె, తర్వాత ఏం జెప్పాలె అని. నువ్వు ఎదురుంగ నిలవడి ఇనాలె. ఇప్పుడు సచ్చిపోతే నేనెవ్వనికి జెప్పాలెరా?"

ఇటుక పక్కన పెట్టింది. తన చున్నీ తీసి అతని మెడ దగ్గర కారుతున్న చోట అదిమి పట్టింది. మెత్తగా పట్టలేదు. అతను మూలిగాడు. అయినా అంబులెన్సు వెనక తలుపు దగ్గరికి వచ్చేదాకా ఆ చెయ్యి తీయలేదు.

*

మహిపాల్‌కు ఒక కన్ను పోయింది. బెయిలు రద్దయింది. కొట్టినవాళ్లలో లింగస్వామితో సహా తొమ్మిది మంది మీద కేసులయ్యాయి. విశ్వవిద్యాలయం గోడ ఫైలు మళ్లీ కదిలింది. సమావేశానికి స్పందనను మళ్లీ పిలిచారు. జనాన్ని రమ్మన్నది తనే. వచ్చిన జనం చేసింది కళ్లారా చూసింది, చూసి సంతోషించింది కూడా. ఆ మాటే చెప్పింది. అందరూ ఇబ్బందిగా కదిలారు. విశ్వేశ్వరరావు మాత్రం ఫైలు మూసి, "గోడ కట్టి ఉంటే వాణ్ణి రోడ్డు మీద చంపేసేవాళ్లు. మనకి ఏ గొడవా ఉండేది కాదు," అన్నాడు. "నేను మార్చిలో రిటైరవుతున్నాను. ఈ లోపు దీని మీద సంతకం పెట్టను. తర్వాత మీ ఇష్టం." తర్వాత వచ్చినాయన కూడా పెట్టలేదు. ఫైలు ఎక్కడో ఉంది.

విచారణలో సంతోషి గంటన్నర సాక్ష్యం చెప్పింది. స్పందన కోర్టు హాల్లో వెనక బెంచీలో కూర్చుని విన్నది. మహిపాల్ బోనులో నిలబడి, ఉన్న ఒక్క కన్నూ నేలకు దించుకున్నాడు. "నన్ను జూడమనండి సార్," అని సంతోషి జడ్జిని అడిగింది. జడ్జి ఆ మాట అనలేదు గానీ అతనే తలెత్తాడు. ఏడేళ్ల శిక్ష పడింది. భూమి కేసులో ముగ్గురికీ సమాన వాటాలని తీర్పు వచ్చింది.

ఆ రోజు తర్వాత కొన్ని నెలలపాటు సంతోషి స్పందనతో ముక్తసరిగా మాట్లాడేది. తనకూ అన్నకూ మధ్య ఎందుకు నిలబడ్డావని ఒక్కసారే అడిగింది. స్పందన తెలియదంది. సుమిత్రమ్మ సంగతి వేరు. కనబడ్డప్పుడల్లా ఆ నాలుగు వేళ్ల చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకోబోయేది. స్పందన చెయ్యి లాక్కునేది. ఆ దండం పుచ్చుకునే మనసు ఆమెకు లేదు.

ఆదివారాలు సుమిత్రమ్మ బండి ఉండదు. నడుముకు పట్టీ కట్టుకుని, నాలుగు రొట్టెలు గుడ్డలో చుట్టుకుని చర్లపల్లి జైల్లో కొడుకును చూసే ములాఖత్‌కు పోతుంది. రొట్టెలు లోపలికి పోనివ్వరు. బయట బెంచీ మీద కూర్చుని తనే తిని వస్తుంది. సంతోషికి తెలుసు.

మొన్న ఫిబ్రవరిలో మూడో అంతస్తు లైబ్రరీలో కారుతున్న గోడ చూడ్డానికి వెళ్లి, దిగి వస్తూ స్పందన కేంద్రంలోకి తొంగి చూసింది. వసారా బెంచీల మీద పదిహేను మంది దాకా ఉన్నారు. లోపల బల్ల ముందు సుమిత్రమ్మ నిలబడి ఉంది. ఎదురుగా నాలుగో సంవత్సరం చదివే కుర్రవాడు తలగోక్కుంటున్నాడు.

"ఏడేండ్లు జర ఎక్కువైతది బిడ్డా. ఒక కన్ను లేదు వానికి. పై కోర్టుకు అర్జీ రాయాలె," అంటోంది ఆమె.

"అమ్మా, వాళ్ల చెల్లె కేసు మేమే చూసినం. మళ్ల ఆయన కేసు మేం పట్టుకోవద్దు. రూలు ఒప్పదు," అన్నాడు కుర్రవాడు ఇబ్బందిగా.

"గీ ఆఫీసు అందరిదని గోడ మీద రాసి పెట్టిరి గద?"

కుర్రవాడు స్పందన వైపు చూశాడు. స్పందన కిటికీ పక్క కంప్యూటర్ ముందున్న సంతోషి వైపు చూసింది. టైపు చేస్తున్న వేళ్లు ఆగిపోయి ఉన్నాయి. సగం చెవి మీదికి జుట్టు జార్చుకుని తెర వైపే చూస్తోంది.

"జైల్లున్నోళ్లకు సర్కారే లాయర్ని పెడ్తది," అంది సంతోషి తల తిప్పకుండానే. "దానికి వేరే ఫారం ఉంటది. నాకెరుకే." సొరుగు లాగి ఒక కాగితం తీసింది. పక్క కుర్చీ మీదున్న పాప స్కూలు బ్యాగు ఎత్తి కింద పెట్టింది.

"నిలవడితె నడుము గుంజుతది. కూసో అమ్మా," అంది. "వాని ఖైదీ నంబరెంత?"